అరవై మీద ముల్లు

“అన్నా, ఇది అరవై పోతుందా?” అని అడిగింది ఆమె.

షెడ్డు ముందు ఆమె నిలబెట్టింది మోటారు సైకిలు కాదు, సైకిలుకి మోటారు. పెడళ్ళున్న మామూలు సైకిలే, నడుం మధ్య చిన్న ఇంజను తగిలించుకుంది. మెకానిక్ దాన్ని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చూశాడు. కట్టుకున్న పెళ్ళాన్ని కూడా ఏనాడూ అంత శ్రద్ధగా చూసి ఉండడు.

“ముప్పై అయిదు పోతే గొప్పమ్మా. ఎవర్ని తరుముకెళ్ళాలేమిటి?”

“ఎవర్నీ కాదు. అరవై పోతుందో లేదో రేపటికి తేలిపోవాలి. మీ చేతిలో తేలకపోతే ఇంకెవరి చేతిలోనూ తేలదన్నారు.”

మెకానిక్ ఆ మాటకి పడిపోయాడు. బజారంతా అతన్ని స్పీడన్న అంటుంది. వేగం చాలడం లేదని వచ్చిన బండిని అతను ఉట్టినే పంపిన దాఖలా లేదు.

“మా ఆయన సైకిలు,” అంది ఆమె. “మీకు తెలిసిన విద్యలన్నీ దీని మీద చూపించండి. ఒక్కటీ దాచుకోవద్దు. విప్పినవి మాత్రం పారేయకండి. చివరికి అన్నీ ఎలా ఉన్నవి అలాగే బిగించాలి.”

మెకానిక్ తన బామ్మర్ది వైపు చూశాడు. టైర్ల పని చూసుకునే ఆ బామ్మర్ది కణత దగ్గర వేలు తిప్పబోయి, ఆమె చూస్తోందని తల గోక్కున్నాడు.

“ముందు చక్రం కొత్తది వేయించారే?” అన్నాడు మెకానిక్.

“పాతది వంకర పోయింది.”

మెకానిక్ వెనక పెద్ద పళ్ళచక్రం తీసి చిన్నది వేశాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఏడుస్తుంది గానీ చదును మీద పరిగెడుతుందన్నాడు. పొగగొట్టంలో మసి గీకాడు. అది మాడిన మూకుడు అడుగులా ఎంతకీ వదలలేదు. బామ్మర్ది ఆమెకి గ్లాసుతో మంచినీళ్ళిచ్చాడు. ఆమె గ్లాసు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. తాగడం మర్చిపోయింది.

మెకానిక్ సైకిలెక్కాడు. పక్కనే బామ్మర్ది తన మోటారు సైకిలు మీద, దాని మీటరు ముల్లు చూస్తూ నడిపాడు.

“నలభై!” అని కేక పెడుతూ తిరిగొచ్చారు.

“అరవై కాదుగా,” అంది ఆమె.

“ఈ వెనక బుట్ట తీసేద్దామమ్మా. తేలికవుతుంది.”

“తీసి చూడండి. తర్వాత అందులో మా ఆయన అమ్మే రొట్టెలంత బరువు పెట్టి కూడా చూడండి.”

“బరువు పెడితే వేగం పెరుగుతుందా ఎక్కడైనా?”

“పెరగదా?” ఆమె గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. “అయినా చూడండి. వంతెన దిగుడు మీద కూడా.”

కార్బురేటరు విప్పి కడిగి, బుట్ట తీసి ఒకసారి, బరువు పెట్టి ఒకసారి మళ్ళీ వెళ్ళారు. మెకానిక్ గడ్డం బెల్లుకి ఆనించి, హ్యాండిలు మీద బల్లిలా అతుక్కుపోయాడు. దిగుడులో సైకిలు గిన్నెల అలమరలా గడగడలాడింది. గాలి కూడా వెనక నుంచే వీచింది, పాపం, దాని వంతు సాయం అది చేసింది.

నలభై ఎనిమిది. ఆ తర్వాత ఇంజను దగ్గి ఊరుకుంది.

“ఇంతకంటే జోరు కావాలంటే దీన్ని మేడ మీంచి పడేయాలి బావా,” అన్నాడు బామ్మర్ది.

“నోర్ముయ్‌రా.”

సైకిలు నెట్టుకుంటూ షెడ్డుకి వచ్చిన మెకానిక్, పరువు పోయిన మనిషిలా చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

“నా వల్ల కాలేదమ్మా. ఇది అరవై పోదు. నేను కాదు కదా, దీన్ని తయారు చేసినవాడు దిగొచ్చినా పోదు.”

“దిగుడులో కూడా?”

“దిగుడులో కూడా.”

“ఖాయమేనా అన్నా? రేపు ఎవరైనా గట్టిగా అడిగితే మాట మార్చరుగా?”

“ఎందుకు మారుస్తానమ్మా? కళ్ళారా చూశాంగా ఇద్దరం!”

ఆమె లేచింది. పొద్దున వచ్చినప్పటి మొహమే. నీళ్ళ గ్లాసు నిండుగా స్టూలు మీద పెట్టింది.

బామ్మర్దికి జాలేసింది. “పోనీలే అక్కా, నలభై ఎనిమిదంటే తక్కువేం కాదు. మీ ఆయన సంబరపడతాడు చూడు.”

“ఈ మాటే రేపు వచ్చి జడ్జిగారి ముందు చెప్పండి,” అంది ఆమె, “మా ఆయనే అరవై మీద దూసుకొచ్చి తన కారు కింద పడి ప్రాణం పోగొట్టుకున్నాడంటున్నాడు ఆ కారాయన.”