అచ్చుగుద్దినట్టు

“ఇది మీరు చేసింది కాదమ్మా” అంటూ ఇంజనీరు ప్లాస్టిక్ పళ్ళచక్రాన్ని బల్ల మీద పెట్టేశాడు.

వర్క్‌షాప్ యజమానురాలు చటుక్కున కుర్చీలోంచి లేచింది. కుట్టుమిషన్ల కంపెనీ నుంచి ఆయన వచ్చిందే ఈ చక్రం చూసి ఆర్డరు ఇవ్వడానికి. ఇన్నాళ్ళూ చక్రాలు విదేశం నుంచి దిగేవి, వీళ్ళు మోటార్లకు బిగించి ఇచ్చేవాళ్ళు. అక్కడి ఫ్యాక్టరీ కాస్తా మరో దేశానికి తరలిపోయి సరుకు ఆగిపోయింది. ఇక ఇక్కడ తయారైనదే కొంటామని కంపెనీవాళ్ళు తేల్చి చెప్పారు. ఈ ఆర్డరు చేజారితే వర్క్‌షాప్‌కు తాళం వేసుకోవడమే.

“మేం చేసిందే సార్. మా మరిది సొంతంగా అచ్చు చెక్కి పోశాడు.”

“నా చెవిలో పువ్వులు పెట్టకండి.” ఆయన భూతద్దం ఆమె చేతికిచ్చాడు. “ఈ గీత చూశారా? ఆ ఫ్యాక్టరీ వాళ్ళ అచ్చు మీద ఎప్పుడో పొరపాటున గాటు పడింది. అందుకే వాళ్ళ చక్రాలన్నిటి మీదా ఇది తేలుతుంది. మిగిలిపోయిన పాత సరుకు తుడిచి నాకు చూపిస్తున్నారు.”

ఆమె చూసింది. వెంట్రుకంత గీత, నిజంగానే ఉంది. సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“ఏమయ్యా, ఎంత పని చేశావు” అంది పక్కనే నిలబడ్డ మరిదితో.

అతను లోపలికెళ్ళి, గుడ్డలో చుట్టిన అచ్చు తెచ్చి లైటు కింద పెట్టాడు. ఇంజనీరు వంగి చూశాడు. ఇనుము ఇంకా కొత్తగా మెరుస్తోంది. అందులో సరిగ్గా అదే చోట సన్నని గాటు ఉంది.

“ఇది మీరే చెక్కారా?”

“నేనే సార్. అచ్చుగుద్దినట్టు ఉండాలని వదిన ఒకటే పోరు. పళ్ళు తేలిగ్గానే కుదిరాయి. ఆ గీత దగ్గరే నాకు చుక్కలు కనిపించాయి.”

ఇంజనీరు పగలబడి నవ్వాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. యజమానురాలికి ప్రాణం లేచొచ్చింది.

“ఆర్డరు మీకేనమ్మా. ఒక్కటే షరతు, ఆ గీత ఉండకూడదు.”

ఆమె సంబరంగా తల ఊపేసింది. మరిది మాత్రం గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు.

“తీసేస్తాను సార్. కానీ అది లేకపోతే మిషన్ తిరుగుతుందంటారా?”