యూనిఫాంలో లేని ప్యాంటు

"స్కర్టు కింద ఆ ప్యాంటేంటి? యూనిఫాంలో అది ఉందా? వెళ్లి తీసేసి రా," అంది క్రమశిక్షణ చూసే టీచరు, తొమ్మిదో తరగతి పిల్లను గేటు దగ్గరే ఆపి.

ఆ పిల్ల కదల్లేదు. "తీయను మేడమ్."

"నోరు లేస్తోందే! ఎందుకు తీయవు?"

"మేం మెట్లెక్కుతుంటే పెద్ద క్లాసు అబ్బాయిలు కింద నిలబడి ఫోన్లు పైకి పెడుతున్నారు."

"ఇంత జరుగుతుంటే నాతో ఒక్క ముక్క చెప్పొద్దూ?" అని కసిరింది టీచరు.

"చెప్పాం మేడమ్. పోయిన నెల స్టాఫ్ రూముకొచ్చి మరీ చెప్పాం. 'స్కర్టు కాస్త పొడుగ్గా కుట్టించుకోండర్రా' అన్నారు మీరు. అందరూ నవ్వారు."

ఆమెకు గుర్తొచ్చింది. ముందుగా నవ్వింది తనే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"నువ్వు క్లాసుకెళ్లమ్మా. ప్యాంటుతోనే వెళ్లు," అంది, ఆ పిల్ల మొహంలోకి చూడలేక.

హెడ్మాస్టరు దగ్గరికెళ్లి ఆ అబ్బాయిల సంగతితో పాటు తానన్న మాట కూడా దాచకుండా చెప్పింది. మధ్యాహ్నం మెట్ల కింద తనే కాపలా నిలబడింది.

పైకెక్కుతున్న ఆడపిల్లలు, కింద ఎవరో ఉన్నారని మాత్రమే గమనించి, చప్పున స్కర్టులు ఒడిసి పట్టుకున్నారు.