పదమూడు రోజుల పాలసొర

పదమూడో రోజు కూడా కంచంలో పాలసొరే ఉంది.

బాలింతకి పాలు చాలకపోతే యానాంలో పెట్టేది అదే. ఆ చేపని ఉడికించి, చర్మం గీకి, ముళ్ళు తీసి, వెల్లుల్లి దండిగా వేసి కూర చేస్తారు. మొదటి రెండు రోజులూ లిదియాకి బాగానే ఉంది. ఇప్పుడు ఆ వాసన వంటింట్లో మొదలైతేనే పైట ముక్కుకి అడ్డం పెట్టుకుంటోంది. అయినా ఏ మొహం పెట్టుకుని వద్దంటుంది?

పెళ్ళైన తొమ్మిదేళ్ళకి ఒళ్ళోకొచ్చిన పిల్ల. తల్లి లేదు కాబట్టి పురిటికని విశాఖపట్నంలో అక్క దగ్గరికి వెళ్ళింది. ఐదు నెలలు అక్కడే ఉండి పాపతో తిరిగొచ్చింది. ఆటో దిగుతుంటే అత్తగారు తెరేసమ్మ కోడల్ని ఓసారి పైనుంచి కిందిదాకా చూసి, పాపని అందుకుంది. మర్నాటి నుంచే మొదలైంది పాలసొర.

పెడితే పెట్టింది, గుట్టుగా పెట్టొచ్చు కదా. ఊహూఁ. చేపలమ్మే పాపాయమ్మ ఇంకా నాలుగిళ్ళ అవతల ఉండగానే తెరేసమ్మ వీధిలో నిలబడి కేకేసేది, మా కోడలికి పాలు చాలట్లేదు, సొర తెచ్చావా అని. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. వాళ్ళుండే దరియాలతిప్పలో ఆ సంగతి తెలియని గుమ్మం లేదు. లోపల మంచం మీద లిదియా సిగ్గుతో చచ్చిపోయేది.

వచ్చినవాళ్ళందరికీ తెరేసమ్మ పాపని ఎత్తి మరీ చూపించేది. ఈ ముక్కు అచ్చం మా ఆయనదే, మా అబ్బాయి నెహెమ్యాకీ ఇదే ముక్కు అని ఒకటే మురిసిపోయేది. ఆ మాట విన్నప్పుడల్లా లిదియా తల ఇంకాస్త వాలిపోయేది.

అసలు సంగతి పాలు చాలకపోవడం కాదు. చుక్క కూడా లేవు. గది తలుపేసుకుని, పాప నోట్లో డబ్బాపాల సీసా పెట్టేది. ఆ డబ్బాలు నెహెమ్యా కాకినాడ నుంచి క్యారేజీ సంచిలో దాచి తెచ్చేవాడు. యానాంలో కొంటే సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది. భర్తకి తెలుసు, అక్కకి తెలుసు. అక్కతో ఫోన్లో కాసేపు ఏడుద్దామన్నా, వీధి చివరి ఎస్‌టీడీ బూతు పాపాయమ్మ అల్లుడిదే.

ఆమె భయమల్లా ఒక్కటే. పాపని దింపకుండా తిప్పుతున్న ఈ అత్తగారు, నిజం తెలిస్తే మళ్ళీ తన మొహం చూస్తుందా? పాపని ఎత్తుకుంటుందా?

ఆ మధ్యాహ్నం పాపాయమ్మ ఖాళీ బుట్ట గుమ్మంలో పెట్టి, మరో ఇద్దరు ఆడవాళ్ళని వెంటేసుకుని నేరుగా గదిలోకి వచ్చేసింది. మంచం పట్టె మీద కూర్చుని పాప బుగ్గలు పట్టి చూసింది.

“పాలు చాలట్లేదంటారు, పిల్ల చూత్తే బూరెలా ఉంది. ఏదీ, ఓసారి నన్ను చూడనియ్యమ్మా. నలుగురిని కన్నదాన్ని, నాకాడ సిగ్గేంటి?”

ఆ చెయ్యి పైట మీదికే వచ్చింది. లిదియా రెండు చేతులతో పైట బిగించి గోడవైపు జరిగింది. అదే సమయానికి పాప లేచి గుక్కపట్టింది. మా ముందే పట్టు, ఎలా తాగుతుందో చూస్తే లోపం తెలిసిపోద్దని మిగతా ఇద్దరూ అందుకున్నారు. ఆ నిమిషంలో గోదాట్లో దూకమన్నా దూకేసేది.

తెరేసమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“పాపాయమ్మా, లెగు. మా పిల్ల కడుపు సంగతి మేం చూసుకుంటాం.”

ఆ చూపుకి ముగ్గురూ లేచారు. మంచికి పోతే ఇంతేనని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. తెరేసమ్మ తలుపు గడియ పెట్టింది.

పాప ఏడుపు ఆపలేదు. లిదియా రోజూలాగే అత్తగారికి వీపు పెట్టి, పాపని పైట చాటుకి తీసుకుంది. నటించడం తప్ప ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

మంచం కింద ట్రంకుపెట్టె జరిగిన చప్పుడైంది. వెనక్కి తిరిగి చూస్తే, చీరల అడుగున ఉండాల్సిన డబ్బా, సీసా అత్తగారి చేతుల్లో ఉన్నాయి. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు వంచి, గీత చూసి, చెంచా అంచు దాకా కొలిచి, పొడి ఉండకట్టకుండా కలిపింది. రెండు చుక్కలు మణికట్టు మీద వేసుకుని వేడి చూసుకుంది.

“నువ్వు నీళ్ళెక్కువ పోసేత్తన్నావు” అంది.

లిదియా పాపతో సహా మంచం దిగి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. మిమ్మల్ని మోసం చేశానత్తయ్యా అంది. పొయ్యి దగ్గర నిలబడి మీరు రోజూ వండుతుంటే నా ప్రాణం పోతోంది, నాకు పాలు రావు, ఎన్ని తిన్నా రావు అని వెక్కుతూ చెప్పింది.

తెరేసమ్మ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుంది. సీసా పాప నోటికి అందించింది. ఏడుపు ఆగింది. ఆమె ఒకసారి తలుపు వైపు చూసి, పదమూడు రోజుల్లో మొదటిసారి గొంతు తగ్గించింది.

“కననిదానికి పాలెక్కణ్ణుంచొత్తాయే పిచ్చిదానా, నీ మొగుణ్ణి పొత్తిళ్ళలో తెచ్చుకున్నప్పుడు నాకు మాత్రం వచ్చాయా?”