మూడు గిన్నెల మర్యాద

“కుక్కను పట్టుకోండయ్యా!” అని జీపు దగ్గర్నుంచి కేక వినపడగానే గొంబోజావ్ గుండె జారిపోయింది.

“వచ్చేశారే దుల్మా! ఎముకలోళ్లే!” అన్నాడు భార్యతో.

గోబీ ఎడారిలో రాక్షసబల్లి ఎముక దొరకడమంత దరిద్రం ఇంకోటి లేదని అతని నమ్మకం. పోయినేడు పక్క విడిదిలో ఒకటి బయటపడింది. పెద్ద చదువుల వాళ్లు వచ్చి, చుట్టూ కంచె వేసి, మూడు తరాల కుటుంబాన్ని మందతో సహా సాగనంపారు. ఇప్పుడు గొంబోజావ్ తన ఒంటెపిల్లను కట్టేసే గుంజ, నిజానికి గుంజ కాదు. నేలలోంచి మోకాలెత్తు పొడుచుకొచ్చిన తొడ ఎముక.

“నీళ్లకోసం ఎనిమిదేళ్లుగా అర్జీలు పెడితే పురుగైనా రాలేదు. దీనికి మాత్రం జీపేసుకుని ఊడిపడ్డారు,” అని తిట్టుకుంటూ దుల్మా బయటికి పరిగెత్తి, ఒంటెపిల్లను విప్పేసి, ఎముక మీద ఉన్ని దుప్పటి పరిచి దానిమీద చతికిలబడింది.

జీపు దిగిన ఆఫీసరు డేరాలోకి వచ్చాడు. చేతిలో నోటుబుక్కు. జీపు మీద గడ్డపారలు. ఇంకా అనుమానమెందుకు? అయినా అతిథి మూడు గిన్నెల ఉప్పు టీ తాగేదాకా వచ్చిన పని అడగడం మర్యాద కాదు. గొంబోజావ్ ప్రాణమైనా వదులుకుంటాడు గానీ మర్యాద వదులుకోడు.

“ఇక్కడ తవ్వితే ఏం తగులుతుందంటారు పెద్దాయనా?”

“రాయి బాబూ. దానికింద దాని తాత.”

“మీవాళ్లెప్పుడైనా తవ్వి చూశారా?”

“మావాళ్లకు పనీపాటా లేదనుకున్నావా?”

రెండో గిన్నె పోశాడు.

“చుట్టుపక్కల నలభై కుటుంబాలున్నాయని విన్నానే?”

“గిట్టనివాళ్లు పుట్టించిన మాటలు! ఉన్నది మేమిద్దరం. రేపోమాపో మేమూ డేరా పీకేస్తాం.”

“ఆవిడేంటి, ఇంత చలిలో బయట కూర్చున్నారు?”

“అలిగింది. పెళ్లైన మర్నాటి నుంచీ ఇంతే.”

ఆఫీసరు జాలిగా తలూపి, మూడో గిన్నె ఖాళీ చేసి, నోటుబుక్కులో ఒక గీత బలంగా గీశాడు. “పెద్దవారు మీరే చెప్పాక ఇక తిరుగేముంది? జాబితాలోంచి ఈ చోటు కొట్టేశాను.”

గొంబోజావ్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. డేరా బయట చలికి నీలుక్కుపోతున్న దుల్మాకు గెలిచామన్నట్టు కన్ను గీటాడు. ఇక అడగొచ్చు. మీసం సవరించుకుని దర్జాగా అడిగాడు.

“ఇంతకీ బాబూ, తమరిది ఏ శాఖ?”

“బోర్లు వేయించే శాఖ, పెద్దాయనా.”