ఓదిలియా ఫోటో

చికాగోలోని ఒక మ్యూజియం ఏటా అక్టోబరులో ఓదిలియాను పిలిచి, మెక్సికోవాళ్ళు చేసుకునే చనిపోయినవాళ్ళ పండగకి పీఠం కట్టిస్తుంది. దాని మెట్ల నిండా బంతిపూలు, రొట్టెలు, పోయినవాళ్ళ ఫోటోలు.

పండగ పొద్దున వచ్చి చూస్తే పైమెట్టు మీద తన ఫోటోనే ఉంది. కట్టిన కళాకారిణి ఎవరో జనానికి తెలియాలని మ్యూజియంవాళ్ళు పెట్టారట. ముందొక రొట్టె కూడా.

వెంట వచ్చిన పిన్ని హసింతా శిలువ గుర్తు వేసుకుంది.

"వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది. మన మెక్సికోలో బతికున్నవాళ్ళ ఫోటో ఎవరైనా పెడతారా? తీసెయ్యవే."

"ఉండనీ పిన్నీ. రేపట్నుంచి మళ్ళీ అక్టోబరు దాకా వీళ్ళకి నేను ఉన్నట్టా, పోయినట్టా? సరైన చోటే పెట్టారు."



ఓదిలియా తన ఫోటో ముందున్న రొట్టె అందుకుని, నేలమీద కూలబడి విరిచింది.

"నాకు పెట్టిందేగా. రాత్రి నుంచీ ఏమీ తినలేదు. నువ్వూ ఇంత తిను."