మేనమామ నేర్పిన రంగులు

ఉదయం పదిన్నర, బయట మబ్బు తునక లేని ఎండ. పరీక్షగదిని మాత్రం చీకటి చేశారు. ఓడ అధికారి కావడానికి ఆ యువకుడికి మిగిలింది ఈ కంటిపరీక్షే.

"ఆ దీపం ఏ రంగు?" అన్నాడు డాక్టరు.

రంగుల చూపు పరీక్షకు వాడే చుక్కల బొమ్మల్లోని అంకెలన్నీ మేనమామ కంఠతా పట్టించాడు. దీపాల సంగతి చెప్పలేదు. "ఆకుపచ్చ."

"ఎరుపు. ఓడల మీద నీకు పని లేదు బాబూ. ఈ లోపం తల్లి వైపు నుంచి వస్తుంది."

వరండాలో కెప్టెన్ దుస్తుల్లో మేనమామ లేచాడు. "ఏమైందిరా అల్లుడూ?"

"తప్పాను. అమ్మ వైపు నుంచి వచ్చిందట. ఆ అంకెలు నీకెందుకు కంఠస్థం, మామయ్యా?"

మేనమామ గొంతు తగ్గించాడు. "అరవకురా, నా కొంప ముంచుతావా? నా కాలంలో దీపాల పరీక్ష లేదు. సముద్రంలో దీపం కనబడితే పక్కనున్న కుర్ర ఆఫీసర్ని రంగు అడుగుతాను. పరీక్షిస్తున్నానని వాడు హడలిపోయి చెబుతాడు."

అల్లుడు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పదకొండేళ్ల తర్వాత మేనమామ సకల గౌరవాలతో పదవీవిరమణ చేశాడు. అల్లుడప్పటికి రేవు గోదాములో గుమాస్తా.