జెండా ధర

బోర్డు మీటింగులో సువార్తమ్మ సంతకం పెట్టకుండా లెక్కల కాగితం పక్కకు జరిపింది.

పరకాల మిర్చి రైతులు వాటాలు వేసుకుని పెట్టిన కంపెనీ అది. కోల్డ్ స్టోరేజీకి లోను ఇచ్చాక బోర్డులో ఒక మహిళ ఉండాలని బ్యాంకు షరతు పెడితే, బ్యాంకు చెప్పిన సువార్తమ్మ పేరే రాసుకున్నారు. బ్యాంకులో చేసి రిటైరైందట. అంతకు మించి ఎవరూ అడగలేదు.

"కోల్డ్ స్టోరేజీల ఉన్న సరుకుకు ఈ ధర ఎట్ల కట్టిన్రు?"

"జెండా ధరమ్మా," అన్నాడు చైర్మన్ శ్యాంసుందర్. "నిన్న మార్కెట్ల క్వింటాలుకు ఇరవై వేలు పాడిన్రు."

"పొద్దుగాల జెండా కింద అన్నిటికంటె ఎక్కువ పాడేది ఒక్క రైతు బస్తాలకే. తక్కినోళ్ళకు ఎంతొచ్చింది?"

పదిహేను వేలు దాటలేదని అందరికీ తెలుసు.

"సరుకు పద్నాలుగు వేలకు కొన్నరు. పద్నాలుగే రాయున్రి. అమ్మినంక లాభం రాద్దాం."

డైరెక్టర్ ఎల్లస్వామి నవ్వాడు. "మీకు నెల తిరిగితే పెన్షనొస్తది. మాకు ఈ మిరపకాయే గదమ్మా. లాభం చూపకుంటే బోనస్ ఎట్ల పంచాలె?"

"లేని లాభం పంచితే బ్యాంకు కిస్తీ ఎట్ల కడ్తరు? స్టోరేజీ పోతది."

"మంచిమాట రాదా మీ నోట?"

"బ్యాంకు మనిషి గద," అన్నాడు శ్యాంసుందర్. "మన బాగు ఆమెకెందుకు?"

ఆమె సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి మీటింగులో ఆమెను తీసేశారు. శ్యాంసుందర్ భార్య పద్మలతను వేసుకున్నారు. ఆమె లెక్కల కాగితం చదవలేదు. వేలు పెట్టి చూపిన చోట సంతకం చేసింది.

బోనస్ పంచారు. స్వీట్లు కూడా పంచారు.

నాలుగు నెలలకు మిర్చి పదివేలకు పడింది. కిస్తీలు ఆగిపోయాయి. బ్యాంకు స్టోరేజీ తలుపుకు నోటీసు అంటించింది.

శ్యాంసుందర్, ఎల్లస్వామి హనుమకొండకు పోయి బ్యాంకు మేనేజర్ రాంప్రసాద్ ముందు నిలబడ్డారు.

"ఒక్క ఏడాది ఆగున్రి సార్. మొదట మమ్ముల నమ్మే గద ఇచ్చిన్రు."

"బ్యాంకు నమ్మలేదు. మీ దరఖాస్తు రెండుసార్లు వాపసు పంపింది."

"మరి లోనెట్ల వచ్చింది సార్?"

రాంప్రసాద్ పాత ఫైలు వాళ్ళ వైపు తిప్పాడు.

మూడోసారి లోను మంజూరు చేసిన అధికారి అడుగున చేత్తో రాసింది: 'వీళ్ళ పాత లెక్కలన్నీ చూశాను. ఈ రైతులు దొంగలెక్క రాయరు. పూచీ నాది. సువార్తమ్మ.'